స్టీవెన్స్ క్రీక్ ట్రెయిల్: తొమ్మిదేళ్లు నడిచి, సైకిల్ తొక్కాక

కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో దిగిన రెండో వారం, మిడిల్‌ఫీల్డ్ రోడ్డు మీద నడుస్తుంటే చెట్ల మధ్య నుంచి సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి బయటికి రావడం కనిపించింది. ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దామని లోపలికి వెళ్లాను. అది జరిగి తొమ్మిదేళ్లయింది. మొదట్లో కేవలం నడిచేవాణ్ణి. తర్వాత నాలుగేళ్లు ఆఫీసుకు ఈ దారినే సైకిల్ మీద వెళ్లాను. ఇప్పుడు మా అబ్బాయి చిన్న సైకిల్ వెనక పరుగెత్తుతున్నాను. మధ్యలో రెండుసార్లు అమ్మ వచ్చి ఆరేసి నెలలు ఉన్నప్పుడు, ఆవిడతో పాటు ఆవిడ వేగంతో నడిచాను. ఒకే దారి నాలుగు రకాలుగా కనిపించింది కాబట్టి రాయాలనిపించింది.

స్టీవెన్స్ క్రీక్ అనే వాగు వెంట, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వేసిన ఈ దారి పొడవు దాదాపు 5 మైళ్లు. ఉత్తరాన షోర్‌లైన్ పార్కు దగ్గర శాన్ ఫ్రాన్సిస్కో బే (అఖాతం) ఒడ్డున మొదలై, దక్షిణాన డేల్ అవెన్యూ దగ్గర ఇళ్ల మధ్య ముగుస్తుంది. దీని అసలు గొప్పతనం ఏమిటంటే, లా అవెనిడా వీధి నుంచి ఎల్ కమీనో రోడ్డు దాటేదాకా ఒక్క సిగ్నల్ దగ్గరా ఆగక్కర్లేదు. 101 హైవే కింద నుంచి, మోఫెట్ బులెవార్డ్ పై నుంచి, 237 కింద నుంచి దారి తీశారు. పిల్లలున్నవాళ్లకి దీని విలువ నేను వేరే చెప్పక్కర్లేదు. మా వాడికి నాలుగేళ్లప్పుడే సొంతంగా తొక్కనిచ్చానంటే, పక్కన కారు రాదన్న ధైర్యంతోనే.

సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే, కాల్‌ట్రెయిన్ పట్టాలు, ఎవెలిన్ అవెన్యూ, మూడింటినీ ఒకేసారి దాటించే పొడవాటి వంతెన ఒకటుంది. మా వాడికి ఆ వంతెన మీద కనీసం రెండు రైళ్లు చూడందే కాలు కదలదు. 2024 సెప్టెంబర్ దాకా డీజిల్ ఇంజన్ వస్తుంటే వంతెన మీదే తెలిసేది, పొగ వాసన కూడా తగిలేది. ఇప్పుడు కరెంటు రైళ్లు. సర్రున వచ్చి వెళ్లిపోతాయి. రైలు వస్తోందని వాడు ముందుగా పసిగట్టలేకపోతున్నాడు, అదొక్కటే వాడి బాధ.

వాగు గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. వాగు అనగానే గలగలా పారే నీళ్లు ఊహించుకుని రావద్దు. వేసవి చివర్లో మా వైపు చాలా మేర గులకరాళ్లు, ఎండుగడ్డే ఉంటాయి. పైగా దారిలో ఎక్కువ భాగం పక్కనే 85 హైవే హోరు. ప్రశాంతత కోసం వచ్చేవాళ్లు 101 దాటి ఉత్తరానికి వెళ్లాలి. అక్కణ్ణుంచి ఆకాశం విచ్చుకుంటుంది. కుడిపక్క మోఫెట్ ఫీల్డ్ విమానాశ్రయం, అందులో 1930లలో ఎయిర్‌షిప్ (గాలి ఓడ) కోసం కట్టిన హ్యాంగర్ వన్ అనే షెడ్డు కొండంత కనిపిస్తాయి. ఇంకొంచెం ముందుకు వెళ్తే ఉప్పునీటి మడుగులు, బురద వాసన, సన్నటి పొడుగు కాళ్ల మీద నిలబడి నీళ్లలో ముక్కు ఆడించే పక్షులు. కాలం కలిసొస్తే తెల్ల పెలికన్లు పదీ పదిహేను కలిసి ఒకేసారి తల ముంచి చేపలు పడుతుంటాయి. అది చూసిన రోజు ఆఫీసుకు లేటయింది, అయినా ఏం బాధపడలేదు.

ఇక అసలు విషయం, ఒకే దారిలో సైకిళ్లూ మనుషులూ. ఇద్దరు పక్కపక్కన నడుస్తుంటే, ఎదురుగా ఒక సైకిల్ వస్తే దారి నిండిపోతుంది. గరిష్ఠ వేగం గంటకు 15 మైళ్లు. ఆ హద్దు పాటించేవాళ్లు ఎక్కువే గానీ, పనిరోజుల్లో పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆఫీసు తొందరలో ఉన్నవాళ్ల సంగతి వేరు. ఎలక్ట్రిక్ సైకిళ్లు వచ్చాక ఇంకా పెరిగింది. గంటకు 28 మైళ్ల దాకా మోటారు సాయం చేసే రకాలున్నాయి. తొక్కేవాళ్లకు ఆ వేగం తెలియదు, పక్కన నడిచేవాళ్లకు గుండె జారుతుంది.

అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మూడో రోజే ఇది జరిగింది. మన దగ్గర అలవాటు కొద్దీ ఆవిడ ఎడమ పక్కన నడుస్తోంది. ఇక్కడ కుడి పక్కన నడవాలి, నడిచేవాళ్లను దాటేవాళ్లు ఎడమ నుంచి దాటాలి. నేను రెండడుగులు వెనక ఉన్నాను. వెనక నుంచి ఒకాయన "ఆన్ యువర్ లెఫ్ట్!" (మీ ఎడమ నుంచి దాటుతున్నా) అని గట్టిగా అరిచాడు. అమ్మకు వినిపించింది "లెఫ్ట్" ఒక్కటే. ఎడమకు జరగమంటున్నాడనుకుని ఇంకో అడుగు ఎడమకు వేసింది. ఆయన బ్రేకు వేసి, గడ్డిలోకి దించి, పడకుండా కాలు ఆనించాడు. చీర కుచ్చిళ్లు పట్టుకుని అమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆయన కోపగించుకోలేదు, దిగి "మీకేం కాలేదు కదా" అని రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత వారం దాకా అమ్మ ట్రెయిల్ వైపు రానంది.

అప్పటిదాకా నేనూ సైకిల్ మీద అలాగే అరిచేవాణ్ణి. ఆ రోజు నుంచి మానేసి బెల్లు పెట్టించుకున్నాను. బెల్లుకు భాష అక్కర్లేదు. కనీసం ముప్పై అడుగుల దూరంలో ఒకసారి మోగించి, వేగం తగ్గించి, వాళ్లు విన్నారని తెలిశాకే దాటాలి. మీద పడ్డాక మోగిస్తే బెదిరి ఏ పక్కకు గెంతుతారో చెప్పలేం. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినవాళ్లకు నా మాట ఇది: దారి ఎక్కే ముందే కుడి, ఎడమ సంగతి చేత్తో చూపించి చెప్పండి. వెనక చప్పుడైతే తిరిగి చూడొద్దని, ఉన్న వైపే తిన్నగా నడుస్తూ ఉండమని చెప్పండి. వినికిడి తక్కువగా ఉన్నవాళ్లయితే మీరు వాళ్లకు ఎడమ పక్కన నడవండి. నడిచేవాళ్ల వైపు తప్పులూ ఉన్నాయి. శనివారం పొద్దున నలుగురైదుగురు దారంతా పరుచుకుని మాట్లాడుకుంటూ వెళ్తారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. కుక్క ఒక అంచున, మనిషి ఇంకో అంచున, మధ్యలో తాడు. ఆ తాడు సాయంత్రం వెలుతురులో కనిపించదు.

సైకిల్ వాళ్లకు ఇంకో మాట, గాలి. మధ్యాహ్నం నుంచి బే వైపు నుంచి గట్టిగా వీస్తుంది. ముందు ఉత్తరానికి వెళ్తే కష్టమంతా అప్పుడే అయిపోతుంది, తిరుగు ప్రయాణంలో గాలే తోస్తుంది. వాన పడితే హైవేల కింద నుంచి వెళ్లే చోట్ల జాగ్రత్త. 2023 జనవరిలో తుపాన్లు వరసగా వచ్చినప్పుడు, ఆ ఎండు వాగే బురద రంగులో ఉరకలేస్తుంటే నమ్మలేకపోయాను.

నాకున్న పెద్ద అసంతృప్తి దక్షిణపు కొసన. క్యుపర్టినో ఊళ్లో మెక్‌లెల్లన్ రాంచ్, బ్లాక్‌బెర్రీ ఫార్మ్ పార్కుల మీదుగా ఇదే వాగు వెంట, ఇదే పేరుతో ఇంకో ముక్క ఉంది. రెండింటి మధ్య దారి లేదు, మామూలు రోడ్ల మీద తొక్కాలి. అటువైపు వెళ్లినప్పుడల్లా సైకిళ్లను కారుకు కట్టుకుని వెళ్తున్నాం. ఆ మధ్య ముక్క పడితే ఎన్ని కుటుంబాలకు కారు తీసే పని తప్పుతుందో!

అమ్మ వచ్చే నెల మళ్లీ వస్తోంది. పోయినసారి చివరికొచ్చేసరికి ఆవిడ కుడి పక్కన తిన్నగా నడిచేది. బెల్లు వినిపిస్తే తిరిగి చూడకుండా, విన్నానన్నట్టు చెయ్యెత్తేది. చాలామంది సైకిల్ వాళ్లు దాటుతూ "థ్యాంక్యూ" అనేవాళ్లు, ఆవిడ తెలుగులోనే "మంచిది నాయనా" అనేది. ఈసారి పెలికన్లు చూపించమని ఫోన్లో అడిగింది. లా అవెనిడా దగ్గర కారు పెట్టి ఏడింటికల్లా నడక మొదలుపెడితే, గాలి లేచేలోపు ఒడ్డుదాకా వెళ్లి రావచ్చు.