హేచరీలో కొన్న గిన్నీ కోళ్ళు: 14 నెలల తర్వాత నా రివ్యూ

నిరుడు జూన్‌లో ఒక హేచరీ నుంచి 16 గిన్నీ కోడిపిల్లల్ని తెచ్చుకున్నాం. మా వైపు సీమకోళ్ళంటారు. నూజివీడు దగ్గర మాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది, ఇల్లు కూడా తోటలోనే. పాములకీ చెదలకీ పనికొస్తాయని మా ఆయన పట్టుబట్టి తెప్పించారు. పెంపకం మాత్రం నా చేతి మీదే నడిచింది కాబట్టి నేనే రాస్తున్నాను.

ముందు హేచరీ సంగతి. పిల్ల 110 రూపాయలు. రకం కాదంబరి, బూడిద రంగు ఒంటి మీద ముత్యాలు చల్లినట్టు తెల్ల చుక్కలు. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ వృద్ధి చేసిన రకం ఇది. అట్టపెట్టెలో తడి లేదు, పిల్లలు చురుగ్గానే ఉన్నాయి. నచ్చనిది ఒక్కటే. "ఎనిమిది జతలమ్మా" అని చెప్పి అమ్మారు. ఒకరోజు పిల్లని చూసి ఆడో మగో చెప్పడం కుదరదని నాకు తర్వాత తెలిసింది. పెరిగాక చూస్తే బతికిన 14లో తొమ్మిది మగవే. అడిగితే "అది మన చేతిలో ఉండదు కదమ్మా" అన్నారు. చేతిలో లేనప్పుడు జతలని చెప్పకూడదు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపం ఉంది.

చనిపోయిన రెండిట్లో ఒకటి నీళ్ళ గిన్నెలో పడి పోయింది. ఆ రోజే గిన్నె నిండా గులకరాళ్ళు వేశాను. కింద పేపరు పరిస్తే కాళ్ళు జారి పక్కలకి చాపుకుపోతాయి, వరి ఊక పోసి పైన గోనెపట్టా వేయండి.

రెండో నెల దాటాక కోళ్ళు మాట్లాడటం మొదలుపెట్టాయి. అసలు వీటిని కొనాల్సింది ఆ మాటల కోసమే అని నాకు అనిపిస్తుంది. పెట్ట రెండు ముక్కలుగా కూస్తుంది, రెండోది పైకి లేస్తుంది. మా అత్తయ్య ఒకరోజు అరుగు మీద కూర్చుని విని, "పద్రా, పద్రా అంటోందే ఇది" అంది. ఇంట్లో అందరికీ ఇక అది పద్రా కూతే. పుంజుకి ఆ కూత రాదు, "చెక్, చెక్, చెక్" అని ఒకే ముక్క. పెట్ట కంగారుపడితే ఒంటి ముక్క కూత కూడా కూస్తుంది, కానీ పుంజు పద్రా అనగా నేనింతవరకూ వినలేదు. ఐదు పెట్టలున్నాయని నేను లెక్క తేల్చుకున్నది ఇలా విని, కాళ్ళకి రంగు దారాలు కట్టుకునే.

హేచరీవాళ్ళు చేసిన మేలు ఒకటుంది, దానికి మాత్రం చేతులెత్తి దణ్ణం పెడతాను. "ఆరు వారాలు గూటిలోనే ఉంచి, వదిలేటప్పుడు ఒక్కదాన్నే వదలండి" అన్నారు. అన్నీ ఒకేసారి వదిలితే చెట్లెక్కి తిరిగి రావట. ఆగస్టు చివర్లో ఓ సాయంత్రం ఎర్ర దారం పెట్టని బయటికి వదిలాను. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి పద్రా అంది. లోపలున్నవన్నీ జాలీ దగ్గరికొచ్చి ఒకటే గోల. ఇక అది జాలీని విడిచి కదల్లేదు. గూడు చుట్టూ తిరుగుతూ, పురుగు కనిపించినా తినకుండా, లోపలివాటి ముఖాల్లోకి చూస్తూ కూసింది. ముప్పావుగంట తర్వాత తలుపు తీస్తే పరుగున లోపలికి దూరింది. మర్నాడు రెండు, ఆపైన నాలుగు. వారంలో అన్నీ తోటలో తిరిగి, చీకటి పడకముందే వరసగా ఒకదాని వెనక ఒకటి గూటికొచ్చాయి. చీకట్లో వీటికి చూపు బాగా ఆనదు, గూట్లో చిన్న బల్బు వెలిగించి ఉంచితే వస్తాయి. ఓ రాత్రి బల్బు మాడిపోతే మూడు కోళ్ళు చెట్టు మీదే ఉండిపోయాయి, గుడ్లగూబ భయంతో నాకు నిద్ర లేదు.

పాముల మాట. హేచరీలో "పాముల్ని చంపేస్తాయి" అని చెప్పారు. జానెడు పాముపిల్లని పొడిచి చంపడం చూశాను. పెద్ద పాముని మా కోళ్ళు చంపలేదు. కార్తీకంలో ఓ రోజు మోటారు గది దగ్గర రేకు మీద గులకరాళ్ళు గుమ్మరించినట్టు అరిచాయి, పక్కింటి కుక్క కనిపించినప్పుడు చేసే గోల కంటే గట్టిగా. వెళ్ళి చూస్తే రక్తపింజరి. 14 కోళ్ళూ రెండు మూడడుగుల దూరంలో గుండ్రంగా నిలబడి, మెడలు కిందికి చాపి అరుస్తున్నాయి. ఒకటి అలిసి వెనక్కి తగ్గితే ఇంకోటి ఆ ఖాళీలోకి వచ్చింది. పాము కంచెలోకి పోయేదాకా అలాగే. నీళ్ళు పెట్టడానికి మా ఆయన రోజూ చెప్పుల్లేకుండా వెళ్ళే దారి అది. నాకు ఆ అరుపే చాలు, చంపక్కర్లేదు.

గుంపులో పెత్తనం కూడా ఉంది. రెండు పుంజులు రెక్కలు వీపు మీదికి ఎత్తుకుని, గూనివాళ్ళలా వంగి మిగతావాటిని తరుముతాయి. మేతతొట్టి దగ్గర చిన్నవాటికి దక్కనిచ్చేవి కావు. కెన్యాలో ఉండే రాబందు గిన్నీ కోళ్ళనే అడవి రకానికి జీపీఎస్ పరికరాలు కట్టి దనై పపాజార్జియు, డేమియన్ ఫారిన్ చేసిన పరిశోధన 2020లో వచ్చింది. మేత ఒకేచోట ఉండి బలమైనవి ఆక్రమించుకుంటే, తరిమేయించుకున్నవి పక్కకి నడక మొదలుపెడతాయట, చివరికి గుంపంతా వాటి వెనకే కదులుతుందట. అది చదివి మా తొట్టి దగ్గర గమనించాను. తిండి దక్కని పచ్చ దారం పెట్ట పద్రా అంటూ జామచెట్ల వైపు నడిస్తే, కాసేపటికి ఆ పెత్తందారు పుంజులూ తొట్టి వదిలి దాని వెనక పోయాయి. అప్పట్నుంచి మేత మూడు చోట్ల పోస్తున్నాను, తరుములాట తగ్గింది.

గుడ్లు మార్చిలో మొదలయ్యాయి. ఐదు పెట్టలూ కలిసి ఒకేచోట పెడతాయి, ఆ చోటు మనకి చెప్పవు. రోజూ మధ్యాహ్నం ఒక పుంజు గచ్చపొద దగ్గర ఊరికే నిలబడి ఉండటం చూసి అక్కడ వెతికితే 27 గుడ్లు దొరికాయి. అన్నీ తీసేస్తే చోటు మారుస్తాయి. ఐదు గుడ్లకి పెన్సిల్‌తో గీత పెట్టి వదిలి, మిగతావి తీసుకుంటున్నాను.

ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నవాళ్ళు మాత్రం కొనకండి. పోస్టుమ్యాన్ వచ్చినా, కొత్త బకెట్ కనిపించినా అరుస్తాయి, పక్కవాళ్ళతో తగువులు తప్పవు. ఒకటో రెండో కొనడం కూడా వద్దు. విడిపోయిన కోడి ఎలా ఉంటుందో ఎర్ర దారం పెట్టని చూశాక, జత చొప్పున అమ్మేవాళ్ళని చూస్తే బాధేస్తోంది. ఒకే బ్యాచ్ నుంచి కనీసం పది తీసుకోండి. హేచరీకి ఐదులో మూడు ఇస్తాను, కోళ్ళకి ఐదుకి ఐదూ.

మే నెలలో నాటుకోడి కింద 15 గుడ్లు పెడితే 27వ రోజుకి 11 పిల్లలు వచ్చాయి. పెద్ద గుంపు పొడుస్తుందని వేరే జాలీలో ఉంచాను. నాటుకోడి "క్లుక్ క్లుక్" అని రెక్కల కిందికి పిలుస్తుంటే వెళ్తాయి. కానీ సాయంత్రం గుంపు గూటికొచ్చే వేళకి తోటలోంచి పద్రా వినపడగానే, 11 పిల్లలూ అమ్మని వదిలి జాలీకి ఆనుకుని నిలబడుతున్నాయి. ఈ నెలాఖరుకి వదలాలి. ముందు ఒక్కదాన్నే.