జాగ్రత్త: ‘లైఫ్‌టైమ్ ఫోటోషాప్’ లాగిన్ కొంటే పాత డిజైన్లన్నీ పోతాయి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఫ్లెక్సులు, పెళ్లికార్డులు, పట్టుచీరల షాపులకు లేబుళ్లు చేసే మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. ‘ఫోటోషాప్, ఇలస్ట్రేటర్ లైఫ్‌టైమ్ లైసెన్స్, ఒక్కసారి కడితే చాలు’ అని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. దయచేసి కొనకండి. మా షాపుకు ఒకాయన అలాంటిదే అంటగట్టాడు. బిల్లు తర్వాత పంపిస్తానన్నాడు, ఇంతవరకూ రాలేదు.

ఈ డిజైన్ సాఫ్ట్‌వేర్లు తయారుచేసే అడోబీ కంపెనీ 2013లోనే సబ్‌స్క్రిప్షన్ పద్ధతికి, అంటే వాడినంత కాలం కడుతూ ఉండే పద్ధతికి మారిపోయింది. ఒక్కసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే ఫోటోషాప్‌లలో సీఎస్6 ఆఖరిది. కొత్త వెర్షన్‌కు ‘లైఫ్‌టైమ్’ అని ఎవరైనా అన్నారంటే అది పచ్చి అబద్ధం. మాకు ఇచ్చింది ఎక్కడిదో ఒక సంస్థ పేరు మీద ఉన్న అకౌంట్‌లో ఒక లాగిన్. అలాంటి అకౌంట్‌కు అడ్మిన్ వేరే ఉంటాడు. ఆయన మన పేరు తీసేస్తే సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది, క్లౌడ్‌లో, అంటే ఆన్‌లైన్‌లో ఆ అకౌంట్‌లో దాచిన ఫైళ్లూ మన చేతికి రావు.

సరిగ్గా అదే జరిగింది. సేవ్ కొట్టగానే ఫైలు క్లౌడ్‌కి వెళ్లేలా మాకు అమ్మినాయనే సెట్ చేసి ఇచ్చాడు. ఒకరోజు లాగిన్ తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే ఇంకో లాగిన్ పంపాడు. తెరిస్తే లోపల ఒక్క ఫైలు లేదు. “సాఫ్ట్‌వేర్ నడుస్తోంది కదా, ఇంకేం కావాలి?” అన్నాడు. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది.

మన పనిలో ఏం కావాలో బరంపురంలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రెండేళ్లకోసారి వస్తుంది. “పోయిన యాత్రకు వేసిందే వెయ్యండి, సంవత్సరం మార్చి కొత్త కమిటీ పేర్లు పెట్టండి” అంటారు కస్టమర్లు. ఒకే డిజైన్‌కు తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి, గేటుకు ఒక సైజు, స్తంభానికి ఒక సైజు. భాషలు, రంగుల తేడాలను లేయర్ కాంప్స్‌గా (ఏ లేయర్లు కనిపించాలో గుర్తుంచుకునే సదుపాయం), సైజులను ఆర్ట్‌బోర్డులుగా (ఒకే ఫైలులో వేర్వేరు కాగితాల్లాంటివి) ఒకే ఫైలులో పెట్టుకుంటాం కాబట్టి ఆ ఒక్క ఫైలు పోతే రంగుల తేడాలతో సహా అన్నీ పోయినట్టే. కస్టమర్ ఫోన్‌లో మిగిలిన జేపీజీలో అక్షరాలు బొమ్మలో అతుక్కుపోయి ఉంటాయి, పేరు మార్చాలంటే డిజైన్ మళ్లీ మొదట్నుంచీ చేయాలి. సీజన్‌లో ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇప్పటికే అలాంటి లాగిన్ వాడుతున్నవాళ్లు ఉంటే, అది పనిచేస్తుండగానే ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోకి దించుకోండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: డౌన్‌లోడ్ చేస్తే వచ్చేది చివరి వెర్షన్ మాత్రమే. వెర్షన్ హిస్టరీలో (ఫైలు పాత రూపాల జాబితాలో) ఉన్న పాతవి కావాలంటే ఒక్కొక్కటీ తెరిచి వేరే పేరుతో సేవ్ చేసుకోవాలి. నిజమైన అకౌంట్‌లో కూడా ఆ హిస్టరీ ఎల్లకాలం ఉండదు. ఉంచాలని మార్క్ చేయని వెర్షన్లు కొంతకాలానికి వాటంతటవే పోతాయి. రెండేళ్ల తర్వాత వచ్చే కస్టమర్ కోసం దాన్ని నమ్ముకోలేం.

తర్వాత ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్‌కి వెళ్లి, ఫైళ్లు కంప్యూటర్‌లోనే సేవ్ అయ్యేలా మార్చండి. ఫైలు పేరులో కస్టమర్, భాష, సైజు, తేదీ ఉండాలి. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’ అని పెడితే ఏది ప్రింటుకు వెళ్లిందో మనకే తెలియదు. ప్రెస్‌కు పంపడానికి అక్షరాలను కర్వ్స్‌గా (మళ్లీ టైపు చేసి మార్చలేని గీతలుగా) మార్చేముందు, మార్చని కాపీ ఒకటి తప్పకుండా దాచండి. అను, ఆకృతి లాంటి ఫాంట్లు ఆ ఫోల్డర్‌లోనే ఉంచండి. అవి లేని సిస్టంలో తెరిస్తే తెలుగూ ఒడియా రెండూ పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. మొత్తం ఇంకో హార్డ్‌డిస్క్‌లో కూడా ఉండాలి.

కొనేటప్పుడు చూడాల్సింది పెద్దగా ఏమీ లేదు. మీ సొంత ఈమెయిల్ మీద అకౌంట్ ఉండాలి, అందులో ప్లాన్, బిల్లు కనిపించాలి. లాగిన్ అయ్యాక తెలియని సంస్థ పేరు వస్తే డబ్బు కట్టొద్దు. నెలనెలా కట్టలేనివాళ్లకు జింప్, ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. అలవాటు పడటానికి కొంచెం టైం పడుతుంది గానీ, ఫైళ్లు మన దగ్గరే ఉంటాయి.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్లు యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు చెరపకండి. సైబర్ మోసాలకు 1930, వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు 1915. నేను రెండింటికీ ఫిర్యాదు ఇచ్చాను. ఇలాంటి లాగిన్ కొని మోసపోయినవాళ్లు మీరు కూడా ఇవ్వండి.