డిగ్రీ అయ్యాక: అప్రెంటిస్‌షిప్పా, ఔట్‌సోర్సింగ్ కొలువా?

హనుమకొండలో పట్టా చేతికొచ్చిన పిల్లలకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది.

అప్రెంటిస్‌షిప్‌లో, అంటే సంస్థలో పని నేర్చుకునే శిక్షణలో, గ్రాడ్యుయేట్‌కు కనీస స్టైపెండ్ (శిక్షణ భత్యం) నెలకు 9,000 రూపాయలుగా 2019 నిబంధనల సవరణలో పెట్టారు. పీఎఫ్ (భవిష్యనిధి) ఉండదు; చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు.

ఔట్‌సోర్సింగ్‌లో, అంటే కాంట్రాక్టర్ ద్వారా చేసే కొలువులో, లెక్క వేరు. మూలవేతనం 15,000 అనుకుంటే పీఎఫ్‌కు 12 శాతం, అంటే 1,800, ఈఎస్ఐకి (ఉద్యోగుల ఆరోగ్య బీమాకు) 0.75 శాతం, అంటే 113. చేతికి దాదాపు 13,087. యజమాని వాటాను కూడా ఉద్యోగి జీతంలోంచే కోస్తే అది చట్టవిరుద్ధం. కోసిన సొమ్ము జమ కాకపోతే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్‌లో దొరికిపోతుంది, నెలనెలా చూడాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించాలి. ఈ ఒక్క సంగతి తెలియకే ఎంతోమంది బకాయిలు వదిలేసుకుంటున్నారు!

ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లకు రెండోదే మేలు. మొదటిది, చదివిన బ్రాంచిలోనే పని నేర్పిస్తేనే.