రోజూ ఇరవై నిమిషాలా, ఆదివారం నాలుగు గంటలా? బొమ్మలేసేవాళ్ళకి ఏది మేలు?

పని పీకలమీదికొచ్చిన నెలల్లో కూడా బొమ్మలు వెయ్యడం ఆగకూడదనుకుంటే ఎక్కువమంది పట్టుకునే దారులు రెండే. రోజూ ఓ ఇరవై నిమిషాలు ఏదో ఒకటి గీసెయ్యడం, లేదా వారమంతా వదిలేసి ఆదివారం పొద్దున్నే కూర్చుని నాలుగు గంటలు ఏకబిగిన వేసుకోవడం. నా ఓటు మొదటిదానికే. ఆయిల్ రంగులతో వేసేవాళ్ళ సంగతి వేరు, అది తర్వాత చెప్తా.

ఆదివారం ప్లాన్ వినడానికి బావుంటుంది, గంటల లెక్కలో చూస్తే ఇదే ఎక్కువ కూడా. కానీ ఆరు రోజులు బ్రష్ ముట్టుకోని చెయ్యి కూర్చోగానే మాట వినదు, గీతలు ఎటో పోతాయి, కిందటివారం ఆ ఆకుపచ్చ ఏ రెండు రంగులు కలిపితే వచ్చిందో గుర్తుండదు, అదంతా దారిలో పడేసరికి గంట పోతుంది. పైగా వారానికి ఒక్కటే సిట్టింగ్ కదా, ఈసారి అదిరిపోవాలని మనకి మనమే పెట్టుకునే టెన్షన్ ఒకటి. ఆ రోజు జ్వరమొచ్చిందా, ఆ వారం గోవిందా.

రోజూ వేసే పద్ధతిలో సగం సమస్య సామాన్లతోనే తీరిపోతుంది. అరచేతిలో పట్టే స్కెచ్‌బుక్, వాటర్ కలర్ పాన్ సెట్ (గట్టి రంగు బిళ్ళలుండే చిన్న పెట్టె), పిడిలో నీళ్ళు నింపుకునే బ్రష్ ఉంటే చాలు. పాన్‌లో రంగు ఎండిపోయినా తడి బ్రష్ తగిలితే మళ్ళీ కరుగుతుంది కాబట్టి మధ్యలో ఫోనొస్తే పెట్టె మూసేసి లేచిపోవచ్చు. (అక్రిలిక్ రంగులతో ఈ ఆటలు సాగవు, ప్యాలెట్ మీద ఎండిందంటే ఇక అంతే.) ఇంకో లాభం ఉంది, అది నాకు భలే నచ్చుతుంది. వాటర్ కలర్‌లో కింది లేయర్ సగం తడిగా ఉండగా ఆత్రంగా మళ్ళీ బ్రష్ పెడితే కాలీఫ్లవర్‌లా మరకలు పడతాయి, అదే రోజుకో లేయర్ వేసేవాళ్ళకి నిన్నటిది ఈపాటికి శుభ్రంగా ఎండిపోయి ఉంటుంది, టైమ్ లేకపోవడమే కలిసొస్తుంది అన్నమాట.

2004లో డ్యూయేన్ కైజర్ అనే అమెరికన్ పెయింటర్ పోస్ట్‌కార్డ్ సైజులో రోజుకో బొమ్మ వెయ్యడం మొదలుపెట్టాడు, అదీ ఆయిల్‌తోనే, తర్వాత చాలామంది ఆ దారి పట్టారు. సైజు తగ్గిస్తే ఆయిల్ కూడా లొంగుతుందన్నమాటే, కానీ ఇరవై నిమిషాల్లో కాదు. ప్యాలెట్ సర్దడం, చివర్లో బ్రష్‌లు కడగడం, వీటికే టైమంతా సరి. ఆయిల్ ఎలాగూ రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది కాబట్టి వాళ్ళకి ఆదివారమే కరెక్ట్.

చిన్న సిట్టింగ్‌లతో వచ్చే చిక్కు ఏంటంటే బొమ్మలు కూడా చిన్నగానే ఉండిపోతాయి, పెద్ద కంపోజిషన్ ఇరవై నిమిషాల ముక్కల్లో తేలదు. ఫ్రెంచ్ పెయింటర్ ఆన్రి రూసోనే చూడండి, పారిస్‌లో సుంకం వసూలు ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో బొమ్మలేసేవాడు, 1893లో ఉద్యోగం వదిలేశాడు, ఆయన పెద్ద పెద్ద అడవి బొమ్మల్లో చాలావరకు ఆ తర్వాతవే.

ఇన్‌స్పిరేషన్ విషయంలో మాత్రం పోటీయే లేదు. నాలుగు గంటలు చేతిలో ఉన్నాయంటే ఏం వెయ్యాలో వెతకడానికి పిన్‌ట్రెస్ట్ తెరుస్తాం, ఎవరెవరి బొమ్మలో చూసి నీరుగారిపోతాం. ఇరవై నిమిషాలే ఉంటే ఎదురుగా ఏది ఉంటే అదే, తాళాల గుత్తి, కుర్చీ మీద నలిగిన టవల్. నలిగిన టవల్‌ని తక్కువ అంచనా వెయ్యకండి, మడతల్లో నీడ ఎక్కడ గట్టిగా తెగుతుందో ఎక్కడ మెత్తగా కలిసిపోతుందో గీస్తుంటే తెలుస్తుంది, రేపు మనిషి బట్టలు వేసేటప్పుడు పనికొచ్చేది అదే.

ఎంత చూసినా ఆదివారం తప్ప కుదరదు అనేవాళ్ళు ఏం వెయ్యాలో శనివారం రాత్రే తేల్చేసుకుని కాగితం బోర్డుకి టేప్ వేసి పడుకోండి, ఆ పోయే గంటలో సగమైనా మిగులుతుంది.