లోపలి మూతా, బయటి గొడుగా?

సూర్యుడి లాంటి నక్షత్రం పక్కనున్న భూమి లాంటి గ్రహాన్ని నేరుగా ఫొటో తీయడంలో అతి పెద్ద చిక్కు వెలుగుతోనే. కంటికి కనిపించే కాంతిలో సూర్యుడు భూమికన్నా దాదాపు 1000 కోట్ల రెట్లు ప్రకాశవంతుడు. ఆ వెలుగును ఎక్కడ ఆపాలి?

కరోనాగ్రాఫ్ అనే పరికరం ఆ వెలుగును టెలిస్కోప్ లోపలే ఆపుతుంది. గ్రహణం కోసం కాచుకోకుండా సూర్యుడి కరోనాను, అంటే సూర్యుడి చుట్టూ ఉండే వేడి వాయువుల పొరను, చూడాలని 1930ల్లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త బెర్నార్డ్ లియో చేసిన పరికరమిది. టెలిస్కోప్‌ను తిప్పితే చాలు, ఇంకో నక్షత్రం సిద్ధం. కానీ అద్దాల్లో అణువంత వంకర వచ్చినా వెలుగు లీకై గ్రహాన్ని మింగేస్తుంది. అందుకే నాసా రోమన్ టెలిస్కోప్ కరోనాగ్రాఫ్‌లో ఆకారం మార్చుకునే అద్దాలు పెట్టారు.

స్టార్‌షేడ్ అయితే టెలిస్కోప్‌కు ముందు దూరంగా నిలిచి ఆ వెలుగును బయటే ఆపే వేరే అంతరిక్ష నౌక. ఎండకు కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టే. గుండ్రటి పళ్లెమైతే అంచుల దగ్గర కాంతి వంగి, నీడ మధ్యలో మళ్లీ చుక్కలా మెరుస్తుంది. అందుకే దాని చుట్టూ పువ్వులా రేకులు. నాసా కోసం రూపొందించిన హాబెక్స్ అనే అంతరిక్ష టెలిస్కోప్ ప్రణాళికలో ఆ గొడుగు వెడల్పు 52 మీటర్లు, టెలిస్కోప్‌కు దూరం 76,600 కిలోమీటర్లు! అంత దూరంలోనూ టెలిస్కోప్, గొడుగు, నక్షత్రం ఒకే గీతపై ఉండాలి; ఆ వరుస మీటరుకు మించి తప్పకూడదు. నక్షత్రం వెలుగు టెలిస్కోప్‌లోకే రాదు కాబట్టి అద్దాలపై అంత ఒత్తిడి ఉండదు. అయితే ఇంకో నక్షత్రానికి గురిపెట్టాలంటే రోజులు, వారాలు పడుతుంది, ఇంధనమూ కరుగుతుంది.

నన్నడిగితే, గ్రహాలను వెతకడానికి కరోనాగ్రాఫే మేలు. దొరికిన గ్రహం గాలిలో ఆక్సిజన్, నీటిఆవిరి ఉన్నాయా అని తీరిగ్గా చూడడానికి మాత్రం గొడుగే కావాలి.