ఫైట్ క్లిప్పులు చూసి అనిమే బాక్స్ సెట్ కొనబోతున్నారా? కాస్త ఆగండి

శాపాలు, ఆత్మలతో ఒప్పందాలు, అర్ధరాత్రి మేడల మీద కత్తియుద్ధాలు. ఈ తరహా అనిమే (జపాన్ యానిమేషన్) సిరీస్ ఒకటి బ్లూ-రే డిస్కుల బాక్స్ సెట్‌గా కొన్నాను. ఇలాంటివి కొనే ఆలోచనలో ఉన్నవాళ్ల కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. సిరీస్ పేరు గానీ, అమ్మినవాళ్ల పేరు గానీ చెప్పను. పేరు చెప్పగానే అసలు విషయం పక్కకు పోయి అభిమానుల కొట్లాట మొదలవుతుంది. పైగా ఈ జబ్బు ఒక్క సిరీస్‌ది కాదు. కింద రాసిన లక్షణాలు చదివితే, మీ కార్ట్‌లో ఉన్నదానికి అవి ఉన్నాయో లేవో మీరే పోల్చుకోగలరు.

ముందు బాగున్న సంగతులు చెప్పాలి, ఎందుకంటే మనం పడిపోయేది వాటికే. బొమ్మలు నిజంగా అద్భుతంగా ఉన్నాయి. వానలో జరిగే ఒక పోరు ఉంది. కెమెరా ఇద్దరి చుట్టూ గిర్రున తిరుగుతుంటే చినుకులు కత్తి అంచుకు తగిలి రెండుగా చీలతాయి. ఆత్మ బయటికొచ్చేటప్పుడు చుట్టూ ఉన్న రంగులన్నీ వెలిసిపోయి ఒక్క ఎరుపే మిగులుతుంది. సంగీతం కూడా అంతే, ఇప్పటికీ వింటున్నాను. ‘టీవీలో చూడని వెలుగుతో’ అని ప్యాక్ మీద రాశారు, అదీ అబద్ధం కాదు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ఒక పోకెమాన్ ఎపిసోడ్‌లో వచ్చిన ఎరుపు నీలం మెరుపులు చూసి వందలమంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఆ తర్వాత అక్కడి టీవీ సంస్థలు మెరుపు దృశ్యాలకు నిబంధనలు పెట్టుకున్నాయి. అందుకే టీవీ ప్రసారంలో చాలా ఫైట్లు మసకగా, నీడ పడ్డట్టు కనిపిస్తాయి. డిస్క్‌లో ఆ మసక చాలాసార్లు తీసేస్తారు. ప్రసారం గడువు ముంచుకొచ్చి హడావుడిగా గీసిన బొమ్మల్ని కూడా సరిదిద్దుతారు. డిస్క్ కొనడానికి ఇది మంచి కారణమే. కాకపోతే బొమ్మల్ని సరిదిద్దినట్టు కథను ఎవరూ సరిదిద్దరు.

కథలో నన్ను పట్టుకున్నది మొదటి ఎపిసోడే. దాన్ని ఉచితంగా చూపించారు. హీరో ఒక ఆత్మతో ఒప్పందం చేసుకుంటాడు. దాని శక్తిని వాడుకున్న ప్రతిసారీ వాడి జ్ఞాపకాల్లో ఒకటి పోతుంది. మొదటి పోరులో గెలిచి ఇంటికొచ్చి, చనిపోయిన తల్లి ఫోన్‌లో వదిలిన పాత వాయిస్ మెసేజ్ వింటాడు. రోజూ వినే మెసేజే. ఆ రోజు మాత్రం సగంలో ఆపి, రాంగ్ నంబర్ అనుకుని తీసేయబోతాడు. చెల్లెలు చెయ్యి పట్టుకుని ఆపుతుంది, ఎందుకు ఆపిందో వాడికి అర్థం కాదు. ఇంత గట్టి సీన్ ఈ మధ్య ఏ సిరీస్‌లోనూ చూడలేదు. ప్రతి గెలుపుకీ ఒక నష్టం ఉంటుందన్నమాట, రేపు ఏం మర్చిపోతాడో అన్న టెన్షన్ ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ పెరుగుతుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

రెండో ఎపిసోడ్ నుంచి ఆ నియమం గల్లంతు. వారం వారం శక్తి వాడుతూనే ఉంటాడు, ఒక్కటీ మర్చిపోడు. ఎవరూ అడగరు కూడా. చెల్లెలి పాత్ర అన్నం పెట్టడానికీ, అపహరణకు గురవడానికీ తప్ప పనికిరాదు. ఇంకా విచిత్రం చివరి పోరు. హీరో నేలకూలి ఉంటాడు, పియానో మొదలవుతుంది, చిన్నప్పటి జ్ఞాపకాలన్నీ వరసగా కళ్లముందు కదులుతాయి, వాటి బలంతో లేచి శత్రువును నరికేస్తాడు. ఆ జ్ఞాపకాల్లో తల్లి గొంతు కూడా ఉంది! జ్ఞాపకాలు పోగొట్టుకోవలసినవాడు జ్ఞాపకాల బలంతోనే గెలిచాడు. స్క్రిప్టు రాసినవాళ్లకు ఆ ఒప్పందం గుర్తులేదంటే, ఆత్మ తీసుకెళ్లింది వాళ్ల జ్ఞాపకాలే అనుకోవాలి.

మిగతా లోపాలన్నీ దీని వెనకే వస్తాయి. గురువు చనిపోతాడు, అందరూ ఏడుస్తారు, కాసేపటికే కంటికి పట్టీ కట్టుకుని తిరిగొస్తాడు. ప్రతి విలన్ తల తెగాక, ప్రాణం పోయేలోపు తన బాల్యం మొత్తం చెప్పి మన జాలి అడుగుతాడు. ఓడిపోతున్నప్పుడల్లా అంతకుముందు ఎవరూ ఎత్తని కొత్త శక్తి పేరు ఒకటి గట్టిగా అరుస్తారు. దాంతో ఫైట్ ఎంత అందంగా ఉన్నా ఫలితం మీద ఆసక్తి ఉండదు. పైన పటారం, లోన లొటారం.

హంగులంటే నాకు చిరాకని ఎవరైనా అనుకోవచ్చు. నిజానికి ఈ తరహాలో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి హంగుల పరంగా దీన్ని మించింది. 2007లో వచ్చిన మోనోనోకే, 12 ఎపిసోడ్లు. (పేరు కలిసే 1997 నాటి మియజాకి సినిమా ‘ప్రిన్సెస్ మోనోనోకే’కూ దీనికీ సంబంధం లేదు, వెతికేటప్పుడు చూసుకోండి.) తెర మొత్తం పాత జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లా ఉంటుంది, కాగితం నేత కూడా కనిపిస్తుంది. హీరో ఒక మందులమ్మేవాడు, చేతిలో కత్తి ఉంటుంది. ఆ కత్తి ఊరికే ఒరలోంచి రాదు. ఎదుట ఉన్న పిశాచం రూపం ఏమిటి, అసలు జరిగిందేమిటి, దాని వెనక ఉన్న కారణం ఏమిటి, ఈ మూడూ తేలాలి. అందుకని అతను ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినీ ప్రశ్నిస్తూ కూర్చుంటాడు, దాచిపెట్టిన పాపాలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఫైట్ మొదలయ్యే సరికి మనకు పిశాచం మీద భయం పోయి, దాన్ని పుట్టించిన మనుషుల మీద అసహ్యం పుడుతుంది. పోరాటానికి పెట్టిన నియమమే అక్కడ కథను నడిపిస్తుంది. రంగులు తీసేసి చూసినా నిలబడుతుంది, అయినా ఆ రంగులు లేకుండా దాన్ని ఊహించుకోలేం.

నష్టాన్ని గుర్తుపెట్టుకోవడం ఎలాగో ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్‌ను చూస్తే తెలుస్తుంది. 2009-10లో వచ్చిన 64 ఎపిసోడ్లు. చనిపోయిన తల్లిని బతికించబోయి అన్న ఎడమ కాలు పోగొట్టుకుంటాడు, తమ్ముడి ఆత్మనైనా కవచానికి కట్టి నిలపడానికి కుడి చెయ్యి ఇస్తాడు. తమ్ముడికి శరీరమే పోతుంది. ఆ ఇనుప చెయ్యి, ఖాళీ కవచం దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ మన కళ్లముందే ఉంటాయి, మర్చిపోదామన్నా కుదరదు. మాబ్ సైకో 100లో ఇంకో దారి. అందులో హీరో అయిన కుర్రాడికి ఊళ్లు లేపేంత శక్తి ఉంది, తెరమీద శాతం పెరుగుతుంటే మనకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ ఆ అంకె పెరిగేది వాడు లోపల అణచుకున్న కోపమో బాధో పొంగుతున్నందుకు. దాన్ని మనుషుల మీద వాడకూడదని నేర్పినవాడికి ఏ శక్తీ లేదు, పచ్చి మాయగాడు.

మరి ఫైట్లకు బాగా పేరుపడ్డ డీమన్ స్లేయర్ సిరీస్ మాటేమిటి అంటారా? 2019 నాటి మొదటి సీజన్ 19వ ఎపిసోడ్ ఫైట్‌ను హంగుల కోసమే అందరూ పొగిడారనుకుంటే పొరపాటు. మంచుకొండ మీద కుటుంబం పోయిన రోజు నుంచి అన్నాచెల్లెళ్ల బంధాన్ని ఓపిగ్గా కట్టుకుంటూ వచ్చారు కాబట్టే, హీరోకు తండ్రి నాట్యం గుర్తొచ్చి కత్తి నిప్పులు చిమ్మిన క్షణంలో ఆ నిప్పుకు బరువు వచ్చింది. విలన్లు చచ్చేముందు గతం చెప్పుకునే అలవాటు దానికీ ఉంది, అది నాకు విసుగే. అయినా డబ్బులు దండగ అనిపించలేదు.

ఇక క్లిప్పుల సంగతి. అనిమేలో సెకనుకు 24 ఫ్రేములున్నా ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీయరు. మామూలుగా ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలబెడతారు. మాట్లాడే సీన్లలో చాలాసార్లు పెదాలు, కళ్లు మాత్రమే కదులుతాయి. 1963లో ఆస్ట్రో బాయ్ టీవీలోకి వచ్చిన నాటి నుంచీ వారం వారం ఎపిసోడ్ ఇవ్వాలంటే ఇదే మార్గం. చెయ్యి తిరిగిన యానిమేటర్లనూ ఉన్న సమయాన్నీ ముఖ్యమైన ఫైట్ల కోసం దాచుకుంటారు, అందులో తప్పేమీ లేదు. ట్రైలర్‌కు కత్తిరించేది మాత్రం ఆ ముక్కల్నే. అంటే ట్రైలర్ చూపించేది సిరీస్‌లో బాగా కదిలే కొన్ని నిమిషాలు. మనం డబ్బు పెట్టేది మిగతా గంటలకు కూడా.

కాబట్టి కొనేముందు ఫైట్ లేని ఎపిసోడ్ ఒకటి ఎక్కడైనా చట్టబద్ధంగా చూడగలరేమో వెతకండి. అయిదో ఆరో ఎపిసోడ్ అయితే మంచిది. మొదటిది వద్దు, దానికి అందరూ ముస్తాబు చేస్తారు. బొమ్మలు కదలకుండా ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్ దొరికితే వదలకండి. వాళ్లు ఒకరికొకరు ఏదైనా దాస్తున్నారా, అడుగుతున్నారా, అబద్ధం చెబుతున్నారా? లేక మనకు శక్తుల పట్టిక అప్పజెప్పడానికే కూర్చున్నారా? నా సెట్‌లో ఆరో ఎపిసోడ్ అచ్చంగా అలాంటి పట్టికే. దానికి ముందు పాత ఎపిసోడ్లలో జరిగింది మళ్లీ చూపించడం, వెనక తర్వాతి ఎపిసోడ్ ముచ్చట. 24 నిమిషాల్లో మొదటి పాటకూ చివరి పాటకూ చెరో 90 సెకన్లు పోగా మిగిలిన దాన్లో ఇవన్నీ పోతే కథకు ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి. అన్నట్టు, మొదటి పాటలో హీరో రెక్కలతో ఎగిరే షాట్ ఒకటుంది. అది సిరీస్‌లో ఎక్కడా రాదు.

రెండో పరీక్ష నియమాలది. మొదట్లో శక్తికి ఏదైనా హద్దు, వెల పెట్టి ఉంటే, చివరి ఎపిసోడ్లలో దాన్ని ఎలా తేల్చారో సమీక్షల్లో వెతకండి. ‘యానిమేషన్ పిచ్చెక్కిస్తుంది’ అని నాలుగు పేరాలు రాసి, పాత్రల గురించి ఒక్క వాక్యం కూడా లేని సమీక్ష మీకు కావలసింది అప్పటికే చెప్పేసినట్టే.

వస్తువు విషయంలోనూ దెబ్బ తగిలింది. అట్ట మీద ‘కంప్లీట్’ అని పెద్దక్షరాలతో ఉంది. లోపల ఉన్నది 12 ఎపిసోడ్లే, అంటే ఒక్క కోర్, జపాన్ టీవీ లెక్కలో సుమారు మూడు నెలల ప్రసారం. ఆ పన్నెండోది కూడా, అసలు విలన్ తలుపు తీసుకుని లోపలికి రావడంతో ఆగిపోతుంది. మిగతా సగం వేరే సెట్, వేరే ధర. మొత్తం ఎపిసోడ్ల సంఖ్య తెలుసుకుని, అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న సంఖ్యతో పోల్చకుండా ‘కంప్లీట్’ అన్న మాటను నమ్మకండి. ఆర్ట్ బుక్ అన్నది ఆన్‌లైన్‌లో ఎప్పుడో వచ్చిన పోస్టర్లే, స్టోరీబోర్డులు (సీన్లకు ముందుగా గీసుకునే చిత్తు బొమ్మలు) గానీ పాత్రల తొలి గీతలు గానీ ఒక్కటీ లేవు. దిగుమతి సెట్ అయితే రీజియన్ కోడ్, అంటే డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, కూడా చూసుకోవాలి. బ్లూ-రేలో జపాన్, అమెరికా రెండూ రీజియన్ ఎ, యూరప్, ఆస్ట్రేలియా బి. జపాన్ దేశీయ విడుదలల్లో ఇంగ్లీష్ సబ్‌టైటిళ్లు చాలాసార్లు ఉండవు, అంత ఖరీదు పెట్టి మూగ సినిమా చూసినట్టవుతుంది.

వాపసు అడిగితే అమ్మినవాళ్లు ఒప్పుకోలేదు. సీల్ తీశాక వెనక్కి తీసుకోం అన్నారు. సీల్ తీయకుండా లోపల 12 ఎపిసోడ్లే ఉన్నాయని ఎలా తెలుస్తుందని అడిగితే, అట్ట వెనక రాసి ఉందన్నారు. నిజమే, రాసి ఉంది, బార్‌కోడ్ పక్కన. వాళ్లు అమ్మకానికి పెట్టిన పేజీలో మాత్రం అట్ట ముందువైపు ఫొటోలే ఉన్నాయి. సీల్ తీయని సెట్ మీ దగ్గర ఇప్పటికే ఉంటే, ముందు దాన్ని తిప్పి బార్‌కోడ్ పక్కన చదవండి. ఇంకా కొననివాళ్లు అట్ట వెనకవైపు ఫొటో పంపమని అడగండి, పంపకపోతే ఆర్డర్ పెట్టకండి.