ఒకటో తారీఖు నాలుగు వేలు: చేనేత పింఛన్‌పై ఒక నేతగాడి రివ్యూ

ఆంధ్రప్రదేశ్‌లో యాభై నిండిన నేతగాళ్లకు వృద్ధులతో సమానంగా పింఛన్ ఇస్తారు. నెలకు 2,000 ఉన్నప్పుడు నా పేరు ఎక్కింది, ఇప్పుడు 4,000. మధ్యలో ప్రభుత్వాలు మారాయి, ఇంటికి తెచ్చిచ్చే మనుషులూ మారారు. ఇన్నేళ్లు తీసుకున్నాక నా రేటింగ్ అయిదుకు మూడున్నర.

దీనిలో నాకు బాగా నచ్చింది తారీఖు. మా పనిలో తారీఖంటూ ఉండదు. చీర దించి ఇస్తేనే మజూరీ. ముసురు పట్టి మగ్గం గుంటలో నీళ్లూరాయంటే ఆ వారం పనే లేదు. అప్పుడు మాస్టర్ వీవర్ దగ్గరికి, అంటే నూలిచ్చి మాచేత నేయించుకునే షావుకారు దగ్గరికెళ్లి అడ్వాన్స్ అడగాలి. అడ్వాన్స్ తీసుకున్నవాడికి మజూరీ బేరమాడే నోరుండదు, ఇంకో షావుకారు దగ్గర నేసే వీలూ ఉండదు. ఒకటో తారీఖుకి డబ్బు ఖాయమని తెలిశాక పాలు, కరెంటు బిల్లు, బీపీ మాత్రలు దాంట్లోనే సర్దుకుంటున్నాం. అడ్వాన్స్ అడగడం బాగా తగ్గింది. ఆమధ్య బుటాలెక్కువ ఉన్న డిజైన్ ఇస్తే, ఈ మజూరీకి నేయలేనని మొహం మీదే చెప్పగలిగాను. ఉచితాలిస్తే జనం సోమరులైపోతారని టీవీలో వాదించేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి. పింఛన్ వచ్చిందని మగ్గం మానేసినవాణ్ణి మా వీధిలో నేను చూడలేదు. నాలుగు వేలకు ఏ ఇల్లు గడుస్తుంది లెండి!

ఇంటికి తెచ్చివ్వడం కూడా బాగుంది. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు తెచ్చారు, 2024 జూలై నుంచి గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది తెస్తున్నారు. ఒకటో తారీఖు ఆదివారమైతే ముందురోజే ఇచ్చేస్తున్నారు. చిక్కల్లా వేలిముద్రతోనే. నూలు పట్టీ పట్టీ నా వేళ్లు నున్నగా అరిగిపోయాయి. బొటనవేలు పడదు, చూపుడువేలు పడదు, తువ్వాలుతో తుడిచి మళ్లీ పెడితే మళ్లీ ఎర్రలైటే. చివరికి ఫోన్‌కి మొహం చూపిస్తే ఎనిమిది అయిదొందల కాగితాలు చేతిలో పడతాయి.

ఇంతమంది ఇళ్ల చుట్టూ తిరగడం దేనికి, ఖాతాలో వేస్తే పోదా అనేవాళ్లున్నారు. అదీ చూశాం. 2024 ఎన్నికలప్పుడు ఎన్నికల సంఘం వాలంటీర్లను పక్కనపెట్టమంది. ఏప్రిల్‌లో చాలామంది సచివాలయాల దగ్గర తీసుకున్నారు, మే నెలలో చాలామందికి బ్యాంకుల్లో వేశారు. ఆ ఎండల్లో బ్యాంకు దాకా వెళ్లలేని ముసలివాళ్ల పాట్లు అన్నీ ఇన్నీ కావు. నాకు ఖాతా అయినా పర్వాలేదు. కళ్లు కనపడని మా పెద్దమ్మకు మాత్రం గుమ్మం దగ్గరికి రావాల్సిందే.

ఇక మార్కులు ఎక్కడ కోశానంటే, మొత్తం పెరగాలంటే ఎన్నికలు రావాలి. 2014లో 200 వెయ్యి అయింది, 2019లో 2,000, ఆ తర్వాత 250 చొప్పున పెరుగుతూ 2024 జనవరికి 3,000, అదే ఏడు కొత్త ప్రభుత్వం వచ్చాక 4,000. ఉద్యోగులకు ధరలను బట్టి పెరిగే డీఏ ఉంది, మాకు మేనిఫెస్టో ఉంది. కేంద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు, 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు దాని వాటా నెలకు 200 దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయింది.

రెండోది, ఇంటికి ఒక్కటే పింఛన్. తీవ్ర వైకల్యం, డయాలసిస్ లాంటివాటికే మినహాయింపు. మా ఆవిడకీ యాభై దాటాయి. తెల్లారేసరికి కండెలు చుట్టి పెడుతుంది, పోగు తెగితే అతుకుతుంది, ఆమె లేకపోతే మగ్గం కదలదు. రికార్డులో మాత్రం నేతగాణ్ణి నేనొక్కణ్ణే! నాకు కోపమొచ్చే రూలు ఇదే. నెలకు 300 యూనిట్ల కరెంటు దాటకూడదన్న షరతు కూడా ఉమ్మడి మీటరున్న ఇళ్లకు ఎప్పుడూ టెన్షనే.

కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లే పెద్దవాళ్లకు ఒక మాట. ఇప్పుడు రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తున్నారు. కాబట్టి ఒకటో తారీఖు కోసమని ఆదరాబాదరా బస్సెక్కి రానక్కర్లేదు, మూడో నెలకు మాత్రం ఊళ్లో ఉండండి.